టిక్కుమన్న ఐదో పిన్ను

మనిషికి పనితనం కంటే ముందు గర్వం వస్తుందని నా గట్టి నమ్మకం. ఆ రోజుల్లో నాకది ఏకంగా వేళ్ల కొసల్లోకి వచ్చింది. గల్ఫ్‌లో ఘాలా అనే చోట మా కంపెనీ క్యాంపు తలుపులూ తాళాలూ బాగుచేసే పనిలో నన్ను ఒక పాకిస్తానీ చాచా కింద వేశారు. ఆయన మొదటి రోజే ఒక తాళం చేతిలో పెట్టి, "ఆంఖ్ బంద్ కర్, ఉంగ్లీ సే దేఖ్" అన్నాడు. కళ్లు మూసుకుని వేళ్లతో చూడాలట! లోపల ఐదు పిన్నులు వరసగా ఉంటాయి, వాటిని స్ప్రింగులు కిందికి తోస్తుంటాయి. సన్నని రేకుతో తాళాన్ని వెంట్రుకవాసి తిప్పి పట్టి, పుల్లతో ఒక్కో పిన్నునూ తడమాలి. మిగతావి వదులుగా ఊగుతుంటే ఒకటి మాత్రం బిగుసుకుంటుంది. దాన్ని మెల్లగా ఎత్తితే 'టిక్' మని వేలికి తెలుస్తుంది, తర్వాత ఇంకోటి బిగుసుకుంటుంది. పది రోజులైనా నాకు ఏ టిక్కూ తెలియలేదు. "హల్కా హాథ్, బేటా" అని చాచా మొత్తుకుంటున్నా నా చేయి (ఊళ్లో బోరింగు కొట్టిన చేయి) తేలిక కానంటుంది. ఒకరోజు డ్యూటీ బస్సులో చేతిలోని తాళం హఠాత్తుగా నోరు తెరిచింది. పక్క సీటు బెంగాలీ భాయి వెంటనే తన జేబు తడిమి చూసుకున్నాడు.

ఆ గర్వం నెల తిరక్కుండానే పెద్దన్న మీద పడింది. పెద్దన్న అంటే మా రూమ్‌లో అందరికంటే పెద్దవాడు, జగిత్యాల వైపు మనిషి. తాను ఇక్కడికొచ్చాక పుట్టిన బిడ్డను మొదటిసారి చూడబోతున్నాడు. శుక్రవారం మధ్యాహ్నం, ఇంకో అరగంటలో ఎయిర్‌పోర్టుకు బండి. పాస్‌పోర్టు ఇనుప బీరువాలో ఉంది, బీరువాకు తాళం ఉంది, తాళంచెవి మాత్రం లేదు. పరుపులు తిరగేశాం, బూట్లు దులిపాం. కట్టర్ ఉన్న స్టోరుకు శుక్రవారం సెలవు. ఇక అందరి చూపూ ఊరికి తీసుకెళ్లే కార్టన్ పెట్టె మీద పడింది. రూమంతా కలిసి రెండు రోజులు సర్ది, తూచి, తీసి, మళ్లీ తూచి ముప్పై కిలోలకు తెచ్చి, టేపు చుట్టి, తాడు అల్లి, నాలుగు దిక్కులా పేరు రాసిన కార్టన్ అది. "చెవి అండ్లనే వడ్డదే అన్నా, కోసుడే ఇగ" అంటూ మేము బావ అని పిలిచే వంటాయన కత్తి తెచ్చాడు. పెద్దన్న ముఖం పాలిపోయింది. "ఆగుండ్రి! నేను లేనా?" అన్నాను.

మూడు నిమిషాల్లో తీశాను. రూమంతా ఈలలు. "ఎట్ల దీసినవ్‌రా?" అన్నాడు బావ. (అడక్కపోయినా చెప్పేవాణ్ణే.) తాళం ఇంకా బీరువా గొళ్లానికే వేలాడుతోంది. "సూడు బావా, లోపల గిట్లుంటది గదా..." అంటూ కొక్కెం కిందికి నొక్కాను. టక్! చెవి లేకుండానే పడిపోయే రకం తాళం; పాస్‌పోర్టు ఇంకా లోపలే.

బయట డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఈసారి నాలుగు పిన్నులు వచ్చాయి గానీ ఐదోది కదలదు. చెమట కళ్లలోకి కారుతోంది, నిజం చెప్పాలంటే ఏడుపే వచ్చింది. పెద్దన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను. "నిమ్మలంగ తియ్యి తమ్మీ. మూడేండ్లు ఆగినోన్ని, గింతసేపు ఆగనా?" అన్నాడు. చాచా నెల రోజులు చెప్పినా వినని చేయి ఆ ఒక్క మాటకు తేలికైపోయింది. టిక్. ఈసారి ఎవరికీ ఏమీ చూపించకుండా తాళం ఊడదీసి జేబులో వేసుకున్నాను.

గంట తర్వాత ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్. "తమ్మీ, తాళంచెవి దొరికిందిరా!" చెకింగ్ దగ్గర బెల్టు తీసినా, గడియారం తీసినా మిషను కుయ్యిమంటూనే ఉందట. అంగీ ఎత్తితే మొలతాడుకు వేలాడుతోంది. ప్రయాణం గడబిడలో ఎక్కడ పోతుందోనని పొద్దున తానే కట్టుకుని మరిచిపోయాడు! "గా పోలీసాయన నవ్వుడే నవ్వుడు" అని తానూ నవ్వాడు.

ఇప్పుడు మా క్యాంపు తలుపులన్నీ కార్డు చూపిస్తే తెరుచుకుంటున్నాయి. ఆ పాత తాళం నా బల్ల సొరుగులో ఉంది. అప్పుడప్పుడు కళ్లు మూసుకుని తీస్తుంటాను. ఐదో పిన్ను దగ్గరికొచ్చేసరికి పెద్దన్న గొంతు గుర్తొచ్చి చేయి దానంతటదే తేలికవుతుంది. "ఎట్ల దీసినవ్‌రా?" అని ఎవరైనా అడిగితే బాగుండునని ఉంటుంది. అడిగితే మాత్రం, చూపిస్తూ చూపిస్తూ మళ్లీ నొక్కేస్తానేమోనని నా భయం.