మూడో పిలుపు

మేక లేకుండా మేకమేత కొన్న మనిషి ఈ రంగూన్‌లో నేను కాక ఇంకొకరుంటే చూపించండి, పందెం కాస్తాను. పోయిన వారం సేక్కాన్ వైపు రేవు దగ్గర ఒక ముసలాయన గోనెపట్టా మీద మేకలకి మేతగా వేసే నిద్రగన్నేరు కాయలు కుప్ప పోసి అమ్ముతుంటే, ఆయన చెప్పిన ధరకే, ఒక్క పైసా తగ్గించమనకుండా, సంచెడు కొనేసి, సైకిల్ రిక్షాలో పక్కన కూర్చోబెట్టుకుని, మింగళ తౌంగ్‌న్యున్‌లో ఉన్న మా ఇంటికి మర్యాదగా తీసుకొచ్చాను. కొట్టులో పదిహేనేళ్ళుగా నాతో గీచి గీచి బేరమాడే గిరాకీలకి ఈ సంగతి తెలిస్తే నాకు జ్వరం తగిలిందని పరామర్శకి వస్తారు. కరెంటు పోయిన ఆ మధ్యాహ్నం, తాటాకు విసనకర్ర పట్టుకుని, మూల నిలబెట్టిన ఆ సంచి ముందు కూర్చున్నాను. నల్లటి కాయల్లోంచి మాడిన బెల్లం వాసన, దాని వెనకే కాస్త పులుపు, ఇంకాస్త వెనక ఎండలో కాగిన నది బురద లాంటిదేదో వచ్చింది. అంతే, నేను మళ్ళీ తొమ్మిదేళ్ళ పిల్లనైపోయాను.

ఈ ఊళ్ళోనే, చిమిండైంగ్‌లో, అప్పటి మా సందు నదికి ఆనుకుని ఉండేది. సందు మధ్యలో, మా ఇంటి అరుగుకి నాలుగడుగుల దూరంలో, మిద్దెలకంటే ఎత్తుగా ఒక నిద్రగన్నేరు చెట్టు. బర్మావాళ్ళు దాన్ని కొక్కో అనేవారు. తింజాన్ నీళ్ళ పండగ అయిపోయి, తడిసిన గోడలు ఆరిపోయాక అసలైన ఎండ దిగేది. బడికి సెలవులు. మొహాలకి తనకా అనే చెట్టు చెక్క గంధంలా అరగదీసి పూసుకుని, పచ్చిమామిడి ముక్కల మీద ఉప్పూ మిరప్పొడీ ఎండురొయ్యల పొడీ జల్లుకుని తింటూ, ఆటు వేళ బురదలో పీతల వెంట, పోటు వేళ ప్రవాహంలో కొట్టుకొచ్చే గుర్రపుడెక్క దుబ్బుల వెంట పడి తిరిగేవాళ్ళం. పన్నెండు దాటేసరికి సందంతా చాపల మీద వాలిపోయేది. కుక్కలు మురుగు కాలవల్లో పొట్టలు ఆనించుకుని పడుకునేవి. చెట్టు మీద కీచురాళ్ళు మాత్రం, వెయ్యి రంపాలు ఒకేసారి కోస్తున్నట్టు, ఊపిరి తీసుకోకుండా అరిచేవి. మబ్బు తునక లేని ఆకాశం కింద ఆ చెట్టు సన్నగా తుంపర కురిసేది. పురుగులు రసం పీల్చి విడిచే నీరది అని తరవాత బళ్ళో చెప్పారు గానీ, అప్పటికి మా పిల్లలందరికీ అది చెట్టు ఏడుపే.

చెట్టు మొదలుకి పక్షి గూడంత చెక్క ఇల్లొకటి మేకులు కొట్టి ఉండేది, ఆ చెట్టు మీదుండే నాట్ దేవర కోసం. బర్మావాళ్ళు అందులో మంచినీళ్ళ పిడతా పూలూ పెట్టేవారు. మా ఆడవాళ్ళు, ఏ దేవరైతేనేం ఎందుకైనా మంచిదని, దానికే పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేవారు. మిట్టమధ్యాహ్నం మాత్రం రెండు వర్గాలవాళ్ళూ ఆ నీడలోకి పిల్లల్ని పోనిచ్చేవారు కారు. ఆ వేళ చెట్టు యజమాని కునుకు తీస్తాడట, లేపకూడదట.

మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, ఇంటి ముందుగదిలోనే చింతపండూ మిరపకాయలూ పప్పులూ ఎండురొయ్యలూ అమ్మేది. నదిలో పడవల మీద వచ్చే రొయ్యలవాళ్ళ దగ్గర బేరానికి నన్ను వెంట తీసుకెళ్ళేది. చేతిలో ఎంతుందో ఎప్పుడూ చూపించకూడదు, అదొక పాఠం. రెండో పాఠం నడక.

"ఒలే గుంటా, ధర కుదరకపోతే ఎనక్కి తిరిగి నడిచెల్లిపోవాల. ఓపాలి పిలిత్తాడు, తిరక్కు. రెండోపాలి పిలిత్తాడు, అప్పుడూ తిరక్కు. మూడోపాలి పిలిత్తాడు సూడు, అప్పుడు తిరుగు. ఆడి ధర పోయి నీ ధర వొచ్చేత్తాది."

"మూడోపాలి పిలవకపోతేనో?"

"పిలవక ఏటి సేత్తాడు? రొయ్యలు తిరిగి మోసుకుపోతాడేటి?"

నిజంగానే ఎవరూ మోసుకుపోలేదు. ఆ వేసవికి నేను వెనక్కి తిరక్కుండా నడవడంలో మామ్మనే మించిపోయాను. ఐసు ముక్కలవాడి దగ్గర కూడా నడిచేదాన్ని. వాడు మూడోసారి పిలిచేలోపు ఐసు సగం కరిగిపోయేది, అయినా గెలిచానని చప్పరించుకుంటూ వచ్చేదాన్ని.

మా తాత అప్పన్న రేవులో కూలీల ముఠాకి పిలుపు పిలిచే మనిషి. ఆయన గొంతెత్తితే ఇరవైమంది ఒక్కసారి తాడు లాగేవారు. ఇంట్లో ఆ గొంతు నాకోసం వాడేవాడు. బడిలో నా పేరు సాండా, సందులో బర్మావాళ్ళకి మర్యాదగా మ సాండా, అమ్మా నాన్నా మామ్మా కూడా సాండా అనే పిలిచేవారు. పైడితల్లమ్మ పేరు పెట్టాలని పట్టుబట్టి ఓడిపోయిన తాత ఒక్కడే, కాగితాలతో నాకేం పని అని, నన్ను పైడీ అని పిలిచేవాడు. సందు ఆ చివర్నించి ఈ చివరికి, రెండో అక్షరాన్ని సాగదీసి. ఆ వేసవికి ముందు చలికాలంలో ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ మాటా ఒక్కసారే పోయాయి. అరుగు మీద నులకమంచంలో పడుకుని, కళ్ళు మాత్రం తిప్పేవాడు. నాకు ఆయన చెయ్యీ కాలూ అక్కర్లేదు, గొంతు కావాలి. వైద్యులు ఇవ్వలేకపోయారు. ఇక సరుకు ఉన్నది చెట్టు యజమాని దగ్గరే అనుకున్నాను.

ఆ మధ్యాహ్నం మామ్మ కొట్టులోనే తలకింద చెయ్యి పెట్టుకుని నిద్రపోతోంది. తాత కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను నీడలోకి వెళ్ళాను. చెట్టు కింద చల్లగా ఉంటుందనుకుంటారు. ఆ వేళ అక్కడి గాలి మూత పెట్టిన కుండలో గాలిలా కదలకుండా ఉంది. నా గుప్పిట్లో ఆరు గాజులున్నాయి, పండక్కి కొన్న ఎర్ర గాజులు. పాఠం ప్రకారం ఒక్కటి బయటికి తీసి చూపించి, "తాత మాట ఇచ్చేయి, ఇది తీసుకో" అన్నాను. పైనుంచి ఒక కాయ టప్పున రాలింది. చాలదన్నమాట. రెండో గాజు చూపించాను. మెడ మీద చల్లటి చుక్క పడింది. మిగతా నాలుగు గుప్పిట్లోనే బిగించి, "రెండే. ఇష్టమైతే ఇయ్యి, లేకపోతే మానెయ్యి" అని వెనక్కి తిరిగి నడక మొదలుపెట్టాను.

పది అడుగులు వేశానేమో, వెనకనుంచి వినిపించింది.

"పైడీ..."

రెండో అక్షరం సాగింది, రేవులో సాగినట్టే. నా ఒళ్ళంతా మిరప్పొడి జల్లినట్టయింది. బేరం తెగుతోందని పొంగిపోయాను, తిరగలేదు. ఇంకో ఇరవై అడుగులు వేశాను. నేను దూరం వెళ్ళేకొద్దీ పిలుపు సన్నబడాలి కదా. రెండోది నా చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గర్లో వినిపించింది. "పైడీ!" దాని వెంటే కీచురాళ్ళు, సందులో ఉన్నవన్నీ, ఒక్కసారి ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం అంతకుముందు వినలేదు, తరవాత కూడా వినలేదు. దారిన పోయేవాళ్ళకోసం సందులో పెట్టిన మంచినీళ్ళ కుండల దగ్గర నేను ఆగి, చెట్టు వైపు వీపు పెట్టి, నవ్వు ఆపుకుంటూ మూడో పిలుపు కోసం నిలబడ్డాను.

నిలబడే ఉన్నాను. నీడ ఒక ఇటుకంత జరిగింది. నది మీదనుంచి ఎక్కడిదో మబ్బు వచ్చి ఎండని కప్పింది. అప్పుడు తిరిగాను. చెట్టు ఆకులు, సాయంత్రం ముడుచుకోవాల్సినవి, నడి మధ్యాహ్నమే ముడుచుకోవడం మొదలుపెట్టాయి, కొట్టు తలుపు చెక్కలు ఒకటొకటే పెడుతున్నట్టు.

అరుగు మీద తాత ఎడమ మోచేతి మీద లేచి ఉన్నాడు. మొహం నేను వెళ్ళిన వైపే తిరిగి ఉంది. పెదాలు కలుసుకుంటున్నాయి, విడిపోతున్నాయి, కలుసుకుంటున్నాయి. శబ్దం లేదు. నేను పరుగెత్తి ఆరు గాజులూ పిడతలో పడేసి, "మొత్తం తీసుకో, మొత్తం" అన్నాను. ఏ కాయా రాలలేదు.

అప్పుడే సందు మలుపులో చెరకు రసం అమ్మే డో ఖిన్ అనే బర్మా పెద్దావిడ, తడి చేతులు లుంగీకి తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి మామ్మని లేపింది. "ఊ అప్పన్న పిలిచాడు! రెండుసార్లు! నా చెవులతో విన్నాను" అంది బర్మాలో, తాత పేరుకి ఎప్పటిలా మర్యాదగా ఊ చేర్చి.

మామ్మ జుట్టు ముడి కూడా వేసుకోకుండా వచ్చింది. "నిజమేటే? నువ్విక్కడే ఉన్నావు గదా, ఇన్నావేటే?"

విన్నానంటే, మరెందుకు తిరగలేదే అంటుంది. "నానేటీ ఇన్లేదు మామ్మా" అన్నాను.

మూడు రోజులు ఆమె కొట్టు తెరవలేదు. మంచం పట్టె మీద కూర్చుని బతిమాలింది. "ఓపాలి పిలు. నన్ను పిలవకపోతే మానె, ఆ కాకినైనా పిలు. తిట్టు పోనీ, అలవాటే గదా." నాలుగో రోజు లేచి తలుపు చెక్కలు తీస్తూ, "ఆ డో ఖిన్‌కి ఎండకి బుర్ర తిరిగింది" అంది. ఆ మాట అన్నాక డో ఖిన్ మా అరుగు ఎక్కడం మానేసింది. వానలు పట్టకముందే తాత పోయాడు. పోయేదాకా మళ్ళీ పెదాలు కదపలేదు.

మామ్మ ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. చివరి వేసవిలో, చూపు మసకబారాక, విసనకర్ర నా చేతిలో ఆపి అడిగింది. "ఆ రోజు నిజంగా పిలిచాడేటే?" అప్పటికి నేను కొట్టు నడుపుతున్నదాన్ని, ఇద్దరు పిల్లల తల్లిని. అయినా అదే జవాబు చెప్పాను. ఇంకోసారి అడిగితే చెప్పేద్దామనుకున్నాను. అడగలేదు.

ఇప్పుడు ఆ సందులో ఎనిమిది అంతస్తుల మేడ ఉంది. చెట్టు ఉన్నచోట జనరేటరు పెట్టారు. కరెంటు పోయినప్పుడల్లా అరుస్తుంది, వచ్చాక ఆగుతుంది, ఆ ఆగినప్పుడు నేను అటుగా వెళ్తుంటే అడుగు తడబడుతుంది. మంచినీళ్ళ కుండలు లేవు. పడవల మీద రొయ్యలు రావు. డో ఖిన్ వాళ్ళు ఎటు వెళ్ళారో తెలియదు, ఆవిడ చెవులు మంచివేనని చెప్పడానికి వెతికాను కూడా. నా పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, జవాబు బర్మాలో ఇస్తారు. నన్ను పైడీ అని పిలిచే గొంతు ఈ ఊళ్ళో ఒక్కటీ లేదు.

ఇంతకాలం ఈ బేరంలో మోసపోయింది నేనే అని చెప్పుకుంటూ వచ్చాను. అది తప్పుడు లెక్క. నాకు రెండు పిలుపులు ముట్టాయి, ఇప్పటికీ నా దగ్గరే ఉన్నాయి. మూడు రోజులు మంచం పట్టె మీద కూర్చుని, తన మనిషి మాట్లాడాడో లేదో తెలియకుండానే పోయింది మామ్మ. ఆమెకి చెల్లాల్సింది ఒక్క మాట. అది ఇప్పుడు పనికిరాదని తెలిసే ఇస్తున్నాను. పిలిచాడు మామ్మా. రెండుసార్లు. నేను విన్నాను.