విని కొన్న డ్రమ్ములు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది. ఆ రోజు మాత్రం ఆ కోపం వచ్చినట్టే వచ్చి ఎటు పోయిందో నాకు తెలియదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి వేసవి అది. రాజధాని ఉన్నన్నాళ్లూ మా ఊళ్లో ఆఫీసర్లకు ఒక క్లబ్బు, ఆ క్లబ్బులో సాయంత్రాలు పాటలు, ఆ పాటలకు డ్రమ్ములు కొట్టడానికి నేను. పగలంతా గుమాస్తాని, పొద్దుగూకితే కళాకారుణ్ణి. ఆఫీసర్లు డేరాలు పీక్కుని పోయారు, క్లబ్బుకు తాళం పడింది. నాకు కడపలో ఉద్యోగం దొరికింది గానీ, అద్దెకు దొరికింది ఒకటే గది. "ఆ గదిలో నేనుండాల్నో, మీ డ్రమ్ములుండాల్నో తేల్చుకోండి" అంది మా ఆవిడ.

అవి మామూలు డ్రమ్ములు కావు. ద్రోణాచలంలో రైలింజను నడిపిన ఒక దొర విలాయతికి పోతూ నాకు అమ్మినవి. వాళ్ల నాయన కాలం నాటివట. ఒక పెద్ద డ్రమ్ము, మూడు చిన్నవి, రెండు ఇత్తడి తాళాలు. పెద్ద డ్రమ్ము ముందు తోలు మీద ఎవరో రంగులతో ఒక చెరువు, అందులో పడవ, పైన చందమామ వేశారు. ఊళ్లో బావులన్నీ ఎండినా నా చెరువు మాత్రం ఎండదని వచ్చినవాళ్లందరి దగ్గరా గొప్పలు పోయేవాణ్ణి.

పెండ్లి బ్యాండు వాళ్లకు కబురు పెడితే వచ్చి చూసి, మెడకు తగిలించుకుని నడవడానికి వీల్లేదని పెదవి విరిచి పోయారు. వాళ్ల ద్వారా విన్నాడేమో, రెండు రోజులకు ఒక ముసలి రైతు గూడుబండి తోలుకుని మా వాకిట్లోకి వచ్చాడు. బనగానపల్లె దోవలో ఏదో పల్లె. తలకు తెల్ల రుమాలు, చెవులకు పోగులు, కలిగిన ఇంటి మనిషని చూడగానే తెలుస్తుంది. బండిలో దిండుకు ఆనుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది.

"మా ఇంటామె. పెద్దాసుపత్రిలో సూపించుకోని ఊరికి పోతాండాం. డ్రమ్ములు అమ్ముతాండావంటనే, ఒక తూరి కొట్టి సూపియ్యప్పా" అన్నాడు.

ఊళ్లో పీర్ల పండక్కో, తిరుణాలకో అనుకున్నాను. డ్రమ్ముల ముందు స్టూలు వేసుకుని, చొక్కా చేతులు మడిచి, పెద్ద డ్రమ్ముకున్న తొక్కుడు కడ్డీ మీద కాలు వేసి ఒక్క దరువు వేశానో లేదో, ముసలాయన నిప్పు తొక్కినట్టు ఎగిరిపడ్డాడు.

"అయ్యయ్యో, కాలు తియ్యప్పా! వాయిద్యాన్ని కాలితో తన్నేదేంది?" అని వచ్చి డ్రమ్మును రెండు చేతులతో ముట్టుకుని కళ్లకు అద్దుకున్నాడు.

"దొరలు ఇట్లనే కొడతారు పెద్దాయనా" అన్నాను, నాకు రోషం పొడుచుకొచ్చి.

"దొరలు పోయినారు కదప్పా."

కడ్డీ విప్పి పక్కన పెట్టి, కొసకు గుడ్డ ఉండ చుట్టిన కర్ర ఒకటి తీసుకుని చేత్తోనే కొట్టాను. వాకిలంతా అదిరింది. అప్పుడు బండిలోంచి ఆమె గొంతు వినిపించింది.

"ఇంగొంచెం గట్టిగ కొట్టు నాయనా. మా ఇంటి కాడ కొడితే వంక దాకా యినపడాల."

"వంక దగ్గర ఏముంది పెద్దమ్మా, జాతరా?" అన్నాను నవ్వుతూ.

ముసలాయన తల దించుకున్నాడు. "ఆడ మా శ్మశానం ఉండాదప్పా. సావుకు కావాల ఇవి."

నాకు ఒళ్లు మండింది. ఆఫీసర్ల చేత చిందులు వేయించిన డ్రమ్ములు శవం ముందు మోగాలా! "ఎవరి చావుకో కొట్టడానికి నా డ్రమ్ములు ఇయ్యను. వేరే యాడన్నా చూసుకో పెద్దాయనా" అన్నాను.

"ఎవరి సావుకో కాదు నాయనా. నాకే" అంది ఆమె, రవికె గుడ్డ బేరమాడినంత మామూలుగా.

కర్ర నా చేతిలోనే ఉండిపోయింది. మజ్జిగ చెంబుతో వస్తున్న మా ఆవిడ గడప మీదే ఆగిపోయింది.

ఆమే చెప్పింది. కడుపులో గడ్డ, కోసినా లాభం లేదు, ఇంటికి తీసుకుపోండి అన్నారట డాక్టర్లు. "మా ఊర్లో పలకలు కొట్టేటోళ్లంతా కరువుకు కాలువ పనులకు పోయి ఆడనే నిలిచిపాయిరి. మొన్న మా మరిది పోతే సప్పుడు లేకుండా దొంగసొమ్ము మోసినట్టు మోసకపోయినారు. మా అత్త పోయినపుడు మూడూర్ల పలకలు మోగినాయి నాయనా. నేను పసుపు కుంకాలతో పోతాండా. మూగగా పోవాల్నా?"

భర్త ముందు పోయిన ఆడది అదృష్టవంతురాలని, ఆమెను మేళతాళాలతో సాగనంపాలని చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను. పోయేవాళ్ల నోటి నుంచి ఎప్పుడూ వినలేదు.

"మరి కొట్టేదెవరు పెద్దమ్మా?" అన్నాను ఎట్లాగో.

"ఇంగెవరు, ఈయప్పే. మాకు పిల్లా జెల్లా లేరు."

భూములున్న రైతు, రుమాలు కట్టిన పెద్దమనిషి, భార్య శవం ముందు కూర్చుని తానే డ్రమ్ము కొట్టడమా! ఊరు ఊరంతా నోరు నొక్కుకోదూ! నేను ఆయన ముఖంలోకి చూశాను. ఆయన ఎద్దుల వైపు చూస్తున్నాడు.

"ఈడనే నేర్పియ్యి నాయనా, నేను సూస్తాండగా. పోయినాంక ఈయప్ప ఎట్ల కొట్నాడో నాకేం తెలుస్తాది? నాకు ఇప్పుడే యినాలని ఉండాది."

నేర్పాను. ఏం చేయను? పెద్ద దెబ్బ ఒకటి, చిన్న దెబ్బలు రెండు, మళ్లీ పెద్దది ఒకటి. కర్ర ఆయన చేతికిచ్చాను. మేడి పట్టిన చెయ్యి, నా చెయ్యికి రెండింతలు ఉంది. మొదటి దెబ్బ తలుపు తట్టినట్టు పడింది. రెండోది అది కూడా కాదు. మూడోదానికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఆ పెద్దమనిషి పరాయివాళ్ల వాకిట్లో, నా ముందు, మా ఆవిడ ముందు, రుమాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు.

"నా చేత కాదే. ఇయి నీ సావుకు కొట్టే చేతులు కావే" అన్నాడు.

ఆమె దిండు సర్దుకుని మళ్లీ వెనక్కి ఆనుకుంది. బేరం తప్పిపోయిందనుకున్నాను. తప్పిపోతేనే బాగుండుననుకున్నాను కూడా. "బండ్లో ఎక్కియ్యండి" అంది చివరికి, కొంగు ముడి విప్పి డబ్బు తీస్తూ.

పెద్ద డ్రమ్మును తన ఒడి పక్కనే పెట్టించుకుంది. తోలు మీది చెరువును వేళ్లతో తడిమింది. "ఇన్ని నీళ్లు యాడివి నాయనా?"

"విలాయతి చెరువు పెద్దమ్మా. ఎవరో గీసింది."

"మా ఊర్లో ఇట్లాంటిది ఒకటి ఉంటే పలకలోళ్లు ఎందుకు పోతారు" అంది.

బండి కదిలింది. మా ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే, బతికున్న మనిషి కోసం ఏడవకూడదని కసిరాను. బండి వీధి మలుపు తిరిగిందో లేదో, డ్రమ్ము మోగింది. పెద్దది ఒకటి, చిన్నవి రెండు. నేను నేర్పిన దరువే, ఎక్కడా తప్పు లేదు. ముసలాయనకు ధైర్యం వచ్చిందని సంతోషపడ్డాను. పగ్గాలు ఆయన చేతుల్లో ఉంటాయి కదా అని మరుక్షణమే తట్టింది.

చెప్పులు కూడా వేసుకోకుండా మలుపు దాకా పరిగెత్తాను. ముసలాయన వెనక్కి తిరక్కుండా ఎద్దులను తోలుతున్నాడు. బండి గూడులో ఆమె దిండు వదిలి నిటారుగా కూర్చుని, గాజుల చేత్తో కర్ర పట్టుకుని ఆ చెరువు మీద కొడుతోంది. మోత విని, పోయింది ఎవరోనని వీధిలో జనం వాకిళ్లలోకి వచ్చి నిలబడ్డారు. ఆమె వాళ్లకు ఒక చెయ్యెత్తి దండం పెడుతూ, రెండో చేత్తో కొడుతూనే పోయింది.