సుభద్ర సాక్ష్యం

ఢిల్లీ ఆర్.కె. పురం క్వార్టర్లలో సుభద్ర ఎవరి గొడవలకూ పోని మనిషి. కాకినాడ నుంచి పెళ్లయి వచ్చిన ఆమె కాలనీ పిల్లలకు ఇంట్లోనే లెక్కలు చెప్పేది. భర్త భీమశంకరం ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఆఫీసు పెన్సిలు కూడా ఇంటికి తెచ్చేవాడు కాదు.

1990 సెప్టెంబరులో మండల్ సిఫార్సుల మీద ఢిల్లీ అట్టుడికింది. రిజర్వేషన్లు పెరిగితే తమలాంటివాళ్ల పిల్లలకు అన్యాయం జరుగుతుందని భీమశంకరం గట్టిగా నమ్మాడు. సుభద్రదీ అదే మాట. ఊరేగింపులో వెళ్లే విద్యార్థులకు ఇద్దరూ కలిసి మంచినీళ్లు అందించారు.

ఒక మధ్యాహ్నం ఆమె బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే, కింద రోడ్డు మీద కుర్రాళ్లు సిటీ బస్సును అడ్డగించారు. ప్రయాణికులు దిగి పరిగెత్తారు. డ్రైవరు మాత్రం సీట్లోనే చేతులు జోడించి ఏదో చెబుతున్నాడు. పై వాటా అనంతరామయ్యగారి అబ్బాయి కిరీటి, ఎం.ఏ. విద్యార్థి, అతని ముఖానికి గురిచూసి ఇటుకముక్క విసిరాడు. డ్రైవరు స్టీరింగు మీద వాలిపోయాడు. వెనక్కి తిరిగిన కిరీటికి బాల్కనీలో సుభద్ర కనిపించింది.

సాయంత్రం పోలీసులు వచ్చి అడిగితే, తమ ఇంట్లో ఎవరూ ఏమీ చూడలేదని భీమశంకరం చెప్పేశాడు. సుభద్ర వెనకే నిలబడి వింది.

మర్నాడు కిరీటి గుమ్మంలోకి వచ్చాడు. చిన్నప్పుడు ఆమె దగ్గరే లెక్కలు నేర్చుకున్నవాడు.

"ఆంటీ, ఆప్ తో హమారీ తరఫ్ హై నా?" అన్నాడు మెల్లగా.

మీరు మా వైపే కదా అని అతని ప్రశ్న. అతను కాసేపు ఆమె ముఖంలోకే చూసి, మెట్లెక్కి వెళ్లిపోయాడు.

డ్రైవరు రామ్‌ఫల్‌కు ఒక కన్ను పోయిందని పాల బూత్ దగ్గర తెలిసింది. ఇంటికొచ్చి ఆమె భర్తతో, స్టేషనుకు వెళ్తానంది.

"వాడు తన స్వార్థానికి చేశాడా? అందరి కోసం చేశాడు," అన్నాడు భీమశంకరం.

"ఆ మధ్య సమ్మెలో మీ ఆఫీసరు కారు మీద రాయి వేసినవాణ్ణి మీరే పట్టించారు కదండీ."

"అది వేరు. వాళ్లది దౌర్జన్యం."

"ఆ రాయి ఎవరికీ తగల్లేదు కూడా," అందామె.

అతను విసురుగా లేచి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. ఆమె చెప్పులు వేసుకుని ఎదురుగా నిలబడింది. చాలాసేపటికి అతను పక్కకు తప్పుకున్నాడు, కానీ వెంట రాలేదు.

కిరీటిని అరెస్టు చేశారు. సుభద్ర దగ్గరికి చదువుకు వచ్చే పిల్లలు మానేశారు. అనంతరామయ్యగారి భార్య మెట్ల మీద ఎదురైతే ముఖం తిప్పుకునేది. ఒక ఉదయం తలుపు నిండా తారు పూసి ఉంది. భీమశంకరం కిరసనాయిలు తెచ్చి, ఆఫీసుకు ఆలస్యమైనా, దాన్ని పూర్తిగా తుడిచాడు.

కేసు ఏళ్ల తరబడి సాగింది. ఎదుటి వకీలు ఎంత బెదరగొట్టినా సుభద్ర మాట మార్చలేదు. కిరీటికి శిక్ష పడింది. రామ్‌ఫల్ మళ్లీ బస్సు నడపలేదు.

ఆమె సాక్ష్యం చెప్పిన రోజున భీమశంకరం సెలవు పెట్టి కోర్టుకు వచ్చాడు. తిరిగి వెళ్లేటప్పుడు ఆటోలో అన్నాడు: "వచ్చానని నువ్వు చేసింది ఒప్పనుకోకు."

"అనుకోవడం లేదండీ," అంది సుభద్ర.