పద్నాలుగో గది పై మంచం ఆటగాడు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ప్రపంచంలో ఏదీ లేదు. ఇరవై ఆరేళ్ళ వయసులో చాలామందికి వచ్చే జబ్బే ఇది. నాకు కాస్త ముదిరింది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మూఢనమ్మకాల మీద సభలు పెట్టాను. నాలుగు రోడ్ల కూడలిలో దిష్టి తీసి పారేసిన నిమ్మకాయలు ఏరుకొచ్చి, జనం చూస్తుండగా షర్బత్ చేసుకుని తాగాను (ఒకసారి మూడు రోజులు కడుపు చెడింది. అది నీళ్ళ వల్లనేనని ఇప్పటికీ వాదిస్తాను). అలాంటివాణ్ణి ఉద్యోగం కోసం సౌదీలో రాబిగ్ అనే ఊరు చేరి, రిఫైనరీ పక్కనున్న ఒక కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో టైమ్‌కీపర్‌గా కుదిరాను. ఎవరు పనికొచ్చారు, ఎవరు ఆలస్యమయ్యారు, ఎవరు సిక్ లీవ్ పెట్టారు అని రాసుకోవడం నా పని. దయ్యాలకు ఇంతకంటే అననుకూలమైన చోటు భూమ్మీద ఉండదని మొదటి రోజే సంతోషించాను. పాడుబడిన బావి లేదు, శ్మశానం లేదు, మర్రిచెట్టు సంగతి సరేసరి. కనుచూపు మేర నంబర్లు వేసిన రేకుల గదులు. నంబరు వేసిన గదిలో దయ్యం ఎలా ఉంటుంది?

క్యాంపులో శుక్రవారం సెలవు, సెలవంటే ఫుట్‌బాల్. ఏడుగురేసి ఆడే పోటీ అది, నిర్వహించేది మలయాళీల కమిటీ. అంతకుముందు ఆట వచ్చినవాళ్ళందరూ ఒకే జట్టులో చేరి మిగతావాళ్ళను ఉతికి ఆరేస్తుండేవారట. అందుకని కమిటీ 'డ్రాఫ్ట్' అనే పద్ధతి తెచ్చింది. ఆడదలచిన వాళ్ళందరి పేర్లూ ఒకే జాబితాలో ఉంటాయి. ఒక్కో బ్లాకుకు ఒక 'జనరల్ మేనేజర్' ఉంటాడు. అతను తన వంతు వచ్చినప్పుడు లేచి ఒక పేరు పిలవాలి. పిలిచినవాడు ఆ జట్టుకు దక్కుతాడు. కిందటేడు అందరికంటే అడుగున ఉన్నవాళ్ళకు మొదటి వంతు. అడుగున ఉండటంలో మా సి బ్లాకుకు పోటీ లేదు.

మా జనరల్ మేనేజర్ ఫోర్‌మన్ మామ. కడప వైపు మనిషి, ఇరవై రెండేళ్ళుగా పైపులైన్ల మీద పని చేయించినవాడు. రంజాన్ తరవాత ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే మళ్ళీ రాకుండా, ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఇన్నేళ్ళూ ఇంజనీర్లు చిటికె వేసి పిలిచిన ఆ మనిషిని శుక్రవారం సాయంత్రం మైదానంలో మాత్రం అందరూ 'సార్' అనేవారు. ఆ ఒక్క పిలుపు కోసం ఆయన గురువారమే చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాడు. మేనేజర్ పదవి ఆయనకు అలంకారం కాదు. వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళదలచిన ఒకే ఒక్క మర్యాద.

డ్రాఫ్ట్‌కు జాబితా తయారుచేసే పని నాకు అప్పగించారు. క్యాంపు ఆఫీసు వాళ్ళ దగ్గర మంచాల పట్టిక అరబ్బీలో ఉంది. దాన్ని నా ఫోన్‌లోని యాప్ చేత ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్పించి, గది గదికీ పంపించి ఆడేవాళ్ళ ఎదుట టిక్కులు పెట్టించాను (కొన్ని గదులవాళ్ళు శ్రమ ఎందుకని పై నుంచి కింది దాకా అన్నిటికీ పెట్టేశారు). అంతటితో ఆగి ఉంటే ఈ కథ లేదు. నాకు శాస్త్రీయ దృక్పథం ఉంది కదా, ఒక్కో పేరు పక్కన నా హాజరు లెక్కలు కూడా చేర్చాను.

డ్రాఫ్ట్ రోజున మామ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కాగితం మీద వేలు నడిపించాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఈ షాగిర్ ఎవరబ్బా? పద్నాలుగో గది, పై మంచం?"

"తెలీదు మామా."

"సిక్ లీవు?"

"సున్నా."

"లేటు?"

"సున్నా."

"వార్నింగు లెటర్లు?"

"అన్నీ సున్నాలే మామా. క్యాంపు మొత్తంలో ఇట్లాంటివాడు ఇంకొకడు లేడు."

మామ లేచి నిలబడి, గొంతు సవరించుకుని, "సి బ్లాకు మొదటి పేరు, షాగిర్" అన్నాడు. మరుక్షణం పక్క బ్లాకువాళ్ళు క్యాంపులోకెల్లా మంచి ఆటగాడైన కొల్లం స్ట్రైకర్ను ఎగరేసుకుపోయారు. వాళ్ళ నవ్వులు మెస్ దాకా వినిపించాయి.

ఆ వారమంతా మెస్‌లో ఒకటే చర్చ. క్రేన్ అన్న (కరీంనగర్ మనిషి, క్రేన్ నడుపుతాడు, నోరు కూడా అంతే ఎత్తుకు లేస్తుంది) పళ్ళెం పక్కకు నెట్టి మొదలుపెట్టాడు. "ఏంది మామా గిది? కొల్లం పోరడు చేతికందినంక ఇడిసిపెట్టి, మొఖం సూడనోన్ని పట్టుకుంటవా? టైమ్‌షీట్ సూసి ఫుట్‌బాల్ ఆడిపిస్తరా ఎవలన్న?"

వడ్డిస్తున్న మెస్ బాబాయ్‌ది కోనసీమ. "అలా తీసిపారెయ్యకండి బాబూ. ఆ కొల్లం కుర్రాడు మోకాలు నొప్పని నెలకి రెండుసార్లు నాచేత గంజి కాయించుకుంటాడు. చూడ్డానికే గుర్రం."

"గంజి తాగినా గోల్ కొడ్తడు గద!"

మామ నింపాదిగా అన్నాడు. "పైపు ఎత్తేదానికి మనిషిని పెట్టుకునేటప్పుడు నేను కండలు చూడనబ్బా, హాజరు చూస్తా. ఒక్క దినం సిక్ పెట్టనోడి కాళ్ళు ఎట్లుంటాయో నువ్వే లెక్కేసుకో."

"సరే. ఫస్ట్ మ్యాచ్ ఓడితే మేనేజర్‌ను మారుస్తం. అందరి ముంగట చెప్తున్న." క్రేన్ అన్న చెయ్యెత్తాడు. చుట్టూ ముప్పై చేతులు లేచాయి. మామ ఒక్కొక్క చేతినీ చూశాడు. వాటిలో చాలా వాటికి పైపు పట్టుకోవడం నేర్పింది తనే. చెయ్యి కడుక్కుని వెళ్ళాడు.

షాగిర్ ప్రాక్టీసుకు రాలేదు. కబురు పెడితే పద్నాలుగో గదివాళ్ళు బిక్కమొహం వేశారు. అది షిఫ్టుల గది. పగలు పనిచేసేవాళ్ళు అతను నైట్ డ్యూటీవాడనుకున్నారు. నైట్ డ్యూటీవాళ్ళు పగటివాడనుకున్నారు. ఇన్ని నెలలుగా ఆ మనిషిని చూసినవాడు ఒక్కడూ లేడు. పై మంచం మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. దిండు మీద తల పెట్టిన గుర్తు కూడా లేదు. ఆ మాట చెబుతున్న బెంగాలీ వెల్డర్ గొంతు మధ్యలోనే తగ్గిపోయింది. ఆ సాయంత్రం గదివాళ్ళందరూ పరుపులు చుట్టుకుని వరండాలోకి వచ్చేశారు.

మరుసటి వారం ఆఫీసు నుంచి కొత్త మంచాల పట్టిక వచ్చింది. ఫోన్‌లో మార్చి చూసుకుంటూ నేను ఆగిపోయాను. ఎనిమిదో గదిలో ఫైనల్ ఎగ్జిట్ మీద వెళ్ళిపోయిన ఒడిశా ఫిట్టర్ మంచం ఎదుట 'షాగిర్' అని ఉంది. ఛాతీలో నొప్పి వచ్చిందని జెద్దా ఆసుపత్రికి తీసుకెళ్ళినవాడి మంచం ఎదుటా 'షాగిర్'. నా భుజం మీదుగా చూస్తున్న క్రేన్ అన్న మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. "పోయినోల్ల మంచాల మీదికి వస్తుండురా."

మధ్యాహ్నానికల్లా క్యాంపంతా పాకింది. మనుషులు తమ పేరు ఉందో లేదో చూసుకోవడానికి నా టేబుల్ దగ్గర వరస కట్టారు. నేను బల్లెక్కి ఉపన్యాసం ఇచ్చాను. భయం ఎక్కడ పుడుతుందో, పుకారు ఎలా పెరుగుతుందో అరగంట విడమరిచి చెప్పాను. అందరూ శ్రద్ధగా విని, మళ్ళీ వరసలో నిలబడ్డారు. ఒళ్ళు మండి ఒక పరీక్ష ప్రకటించాను. షాగిర్ కోసం కుట్టించిన పదకొండో నంబరు జెర్సీని ఆ పై మంచం కమ్మీకి తగిలించి, గదికి తాళం వేసి, తాళం చెవి నా జేబులో పెట్టుకుంటాను. మ్యాచ్ అయ్యాక అందరి ముందూ తెరుస్తాను. చొక్కా చొక్కాలాగే వేలాడుతూ ఉంటుంది. ఆపైన ఎవరూ నోరెత్తకూడదు.

శుక్రవారం పొద్దువాలే వేళ చేసే అసర్ నమాజు అయ్యేసరికి దుమ్ము లేచింది. తుపానులా హోరుమని కాదు. గాలి చప్పుడే లేకుండా, ఎవరో దుప్పటి కప్పినట్టు ఆకాశం పసుపుపచ్చగా మారి కిందికి దిగింది. రిఫైనరీ గొట్టం కొసన ఎప్పుడూ మండే మంట గాలిలో వేలాడే ఎర్రటి మరకలా కనిపిస్తోంది, దాని కింద గొట్టం కనిపించడం లేదు. ఆటగాళ్ళూ జనమూ అందరూ ముక్కుకు, నోటికి తువ్వాళ్ళు చుట్టుకున్నారు. కళ్ళు తప్ప ఎవరికీ ముఖం లేదు. మావాళ్ళు ఆరుగురే దిగారు. ఎడమ వైపు ఖాళీ. ఎదుటివాళ్ళు ఆ ఖాళీలోకి బంతి తీసుకెళ్ళడానికి జంకారు. అక్కడిదాకా వచ్చి, దారి ఉండి కూడా వెనక్కి తన్నేవారు. ఆట ఐదు నిమిషాల్లో ముగుస్తుందనగా దుమ్ము మరీ చిక్కబడింది. బూట్ల చప్పుడు వినిపిస్తోంది కానీ బూట్లు కనిపించడం లేదు. ఎడమ వైపున ఒక ఆకారం కదిలింది. వీపు మీద పదకొండు. చప్పుడు లేదు, కేక లేదు. వల ఊగింది. రిఫరీ విజిల్ వేశాక అక్కడ మళ్ళీ దుమ్మే ఉంది.

ఎవరూ గంతులు వెయ్యలేదు. గెలిచిన జట్టు అంత నిశ్శబ్దంగా ఇంటికెళ్ళడం నేను ఇంకెక్కడా చూడలేదు. నేను మాట ఇచ్చాను గనక పద్నాలుగో గది వైపు నడిచాను. అందరి ముందూ తెరుస్తానన్నాను గానీ, నా వెంట ఎవరూ రాలేదు. తాళం వేసింది వేసినట్టే ఉంది. తీశాను. కరెంటు పోయిన గదిలో ఏసీ నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు పడుతున్నాయి. జెర్సీ కమ్మీకి వేలాడుతోంది. చూశారా అని నాకు నేనే గట్టిగా అనుకుని, దాన్ని చేత్తో పట్టుకున్నాను.

తడిగా ఉంది. వెచ్చగా ఉంది. మనిషి చెమట వాసన.

హేతువాదం గురించి మీరు నన్ను ఏమైనా అడగండి, చెబుతాను. ఆ గదిలోంచి ఎలా బయటికొచ్చానో మాత్రం చెప్పలేను. వరండా చివరికి చేరేసరికి నా కాళ్ళకు ఒక్క చెప్పే ఉంది. రెండోది తెచ్చుకోవడానికి నేను వెళ్ళలేదు. (శాస్త్రీయ కారణాల వల్ల.)

మర్నాడు ఆఫీసు తెరవగానే ఈజిప్టు గుమాస్తా ముందు పట్టిక పరిచి, వేలితో షాగిర్ పేర్లు చూపించాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు. "షాగిర్ ఆద్మీ నహీ! షాగిర్, బెడ్ ఖాళీ. మాఫీ నఫర్!"

మనిషి లేడట. అరబ్బీలో లేదనడానికి 'మాఫీ' అంటారని మాకందరికీ దిగిన మొదటి రోజే వచ్చింది. కానీ కాగితాల మీద ఖాళీ మంచానికి 'షాగిర్' అని రాస్తారని పైపుల దగ్గర పనిచేసేవాళ్ళకు ఎవరు చెబుతారు? నా ఫోన్ అర్థం చెప్పకుండా అక్షరాలు మార్చింది. గదివాళ్ళు అన్నిటితోపాటు దానికీ టిక్కు పెట్టారు. నేను ఎదుట సున్నాలు పెట్టాను. లేని మనిషి ఎప్పుడు ఆలస్యమవుతాడు, ఎప్పుడు సిక్ లీవ్ పెడతాడు? గుమాస్తా నవ్వుతూనే ఉన్నాడు. నేను గెలిచిన సభలన్నీ కలిపినా ఆ నవ్వు ముందు ఆగలేదు. అయినా గుండె తేలికపడింది, మెట్లు దిగేదాకా. దిగాక జెర్సీ గుర్తొచ్చింది.

మామను పైపుల యార్డులో పట్టుకున్నాను. సంగతంతా చెప్పాను. ఆయన చేతిలోని పైపు కింద పెట్టాడు. కుడి పాదానికి గుడ్డ చుట్టి ఉంది.

"మంచాన్ని తీసుకున్నానా నేను? ఫస్ట్ పిక్‌లో?"

"తప్పు నాది మామా."

"చెమట నాదిలే." ఆయన నవ్వలేదు. "గదుల తాళాలన్నిటికీ రెండో చెవి ఫోర్‌మన్ దగ్గరే ఉంటాదని నీకు ఎవరూ చెప్పలేదా? మనోళ్ళు ఆరుగురే ఉండారు. వాడు వస్తాడని సగం ఆట దాంకా చూసినా. రాల్యా. ఓడితే వీళ్ళు నన్ను దించేస్తారు. పోయే ముందు ఆ మాట పడలేక, పోయి చొక్కా ఏసుకొచ్చినా. ఆఖర్న బంతి కాలికి తగిల్తే తన్ని, ఆ దుమ్ములోనే పోయి చొక్కా మళ్ళా తగిలించి తాళమేసినా. యాభై ఎనిమిదేండ్లలో అదే నా మొదటి గోలు, ఎవరికీ చెప్పుకునేదానికి ల్యా." పాదానికున్న గుడ్డ ముడి బిగించుకున్నాడు. "నువ్వు నిజమే చెప్పేటోడివి. చెప్పబ్బా. నేనేమీ అనుకోను."

సాయంత్రం కమిటీవాళ్ళు మెస్‌కే వచ్చారు. ఓడిన బ్లాకు ఫిర్యాదు చేసింది: జాబితాలో లేనివాడెవడో గోల్ కొట్టాడని. అది తేలితే గోల్ పోతుంది, గెలుపు పోతుంది, మామ పదవి పోతుంది. మామ ఇస్త్రీ చొక్కాతో గోడ పక్కన నిలబడి ఉన్నాడు. క్రేన్ అన్న నా వైపు తిరిగాడు. "జాబితా రాసింది నువ్వే. దయ్యాలు లెవ్వంటవ్ గద? అయితే చెప్పు. షాగిర్ ఉన్నడా, లేడా?"

ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికే నేను పుట్టానని అంతవరకూ అనుకునేవాణ్ణి. వాదనంతా నాలుక మీద ఉంది. ఒక్క అరబ్బీ మాటకు అర్థం చెబితే చాలు, వరండాల్లో పడుకున్న మనుషులు గదుల్లోకి వెళతారు. గోడ పక్కన నిలబడ్డ మనిషి మాత్రం, ఖాళీ మంచాన్ని ఎంచుకున్న జనరల్ మేనేజర్‌గా విమానం ఎక్కుతాడు.

కాగితం విప్పి, "ఉన్నాడు" అన్నాను. "షాగిర్. పద్నాలుగో గది, పై మంచం. సిక్ లీవ్ సున్నా."

మెస్ బాబాయ్ చేతిలోని గరిటె జారిపడింది. కమిటీవాళ్ళు సంతకం పెట్టి తొందరగా వెళ్ళిపోయారు. తరవాతి మ్యాచ్‌లన్నీ మేం ఓడిపోయాం, కానీ మామను దించుదామని ఎవరూ చెయ్యెత్తలేదు. అలాంటి ఆటగాణ్ణి పిలవగలిగిన మనిషితో పెట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. రంజాన్ తరవాత సి బ్లాకంతా వచ్చి ఆయన్ను బస్సెక్కించింది. అందరూ 'సార్' అన్నారు, క్రేన్ అన్నతో సహా.

వరండాలో పడుకున్నవాళ్ళకు మాత్రం నేను బాకీ పడ్డాను. వాళ్ళకు తోడుగా రెండు నెలలు పద్నాలుగో గదిలోనే, ఆ పై మంచం మీదే పడుకున్నాను. నన్ను చూసి ఒక్కొక్కరే లోపలికొచ్చారు. మొదటి వారం నాకూ నిద్ర పట్టలేదని ఇప్పుడు ఒప్పుకోవచ్చు. దయ్యాలు లేవని నేను ఈ రోజుకీ సభల్లో చెబుతూనే ఉన్నాను, నెగ్గుతూనే ఉన్నాను. చిత్తుగా ఓడిపోయింది ఒక్కసారే. ఆ రోజు అవతలి పక్షాన మాట్లాడింది కూడా నేనే.