పదిహేడు ఫోటోలు, ఒక కందిపుల్ల

ఈ ఉదయం బ్యారేజీ మీద నడుస్తుంటే, వరద నీటి కోసం పిట్టగోడ పొడవునా జనం ఫోన్లు ఎత్తి నిలబడ్డారు. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది మందిలో నీటిని వట్టి కళ్లతో చూస్తున్నవాళ్లు నలుగురు. నవ్వే అర్హత నాకు లేదు. ఒకసారి నేనేం చేశానో మా ఇంట్లోవాళ్లకు తెలుసు.

మా మేనమామకు కరకట్ట అవతల, కృష్ణా నది మధ్య లంకలో అరటితోట ఉండేది. మోకాలు దాటని పాయలో నడిచి వెళ్లాలి. పైన గేట్లెత్తితే ఆ పాయ ఎప్పుడు పొంగుతుందో చెప్పే దిక్కులేని రోజులు కాబట్టి, లంక ఎక్కగానే మామయ్య అంగుళానికో గాటు పెట్టిన మూరెడు కందిపుల్లను నీటి అంచున గుచ్చి, కాపలాగా నన్ను ఇసుక దిబ్బ మీద కూర్చోబెట్టి తోటలోకి వెళ్లేవాడు. బడిలో ఎవరూ నేర్పని లెక్కొకటి నేనక్కడ సొంతంగా కట్టుకున్నాను: నీరు ఒక గాటు ఎక్కేలోపు మూడు వందలు లెక్కపెట్టగలిగితే గెల కొట్టే తీరిక ఉన్నట్టు, వంద కూడా దాటకపోతే కత్తి సైతం వదిలేసి రావాల్సినట్టు. మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అలా కూర్చుంటే చూడటం తప్ప వేరే పని ఉండేది కాదు. నీటి వాసన మారటం, చీమలు గట్టు పైకి పాకటం వాటంతటవే తెలిసేవి.

చాలా ఏళ్ల తర్వాత, కెమెరా ఉన్న ఫోను కొత్తగా కొన్న వానాకాలంలో, ఎనిమిదేళ్ల మా అమ్మాయిని వెంటబెట్టుకుని అదే లంకకు వెళ్లాను. మామయ్య ఎప్పటిలాగే పుల్ల గుచ్చి, నాకప్పగించి వెళ్లాడు. అంతలో ఎర్రకాళ్ల కొంగల గుంపొకటి పాయ అంచున వాలింది. ఫోటో ఒకటి వంకరగా వచ్చిందని ఇంకొకటి, వెలుతురు చాల్లేదని మరొకటి తీస్తూ పోయాను. అమ్మాయి చొక్కా లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంది.

"ఏరా అల్లుడూ, పుల్లేదిరా?"

కేక విని తలెత్తాను. భుజాన గెలతో మామయ్య. పుల్ల ఉన్నచోట ఎర్రనీళ్లు సుడి తిరుగుతున్నాయి.

"ఇందాకే మునిగిపోయింది తాతయ్యా. నాన్నకి చెప్తే, ఆగమ్మా, ఇదొక్కటీ తీసుకోనీ అన్నాడు," అంది మా అమ్మాయి.

"వందలు వందలు లెక్కపెట్టేవాడివి, ఒక్క పుల్ల కనపళ్లేదట్రా నీకు!"

మామయ్య గెల అక్కడే పారేసి, వెదురు గడతో లోతు చూసుకుంటూ ముందు దిగాడు. అమ్మాయిని భుజాల మీదికెత్తుకుని నేను వెనకే దిగాను. పాయ వెడల్పు నూట యాభై అంగలు. నలభైకి నీరు నడుము దాటింది, డెబ్బైకి ఛాతీకొచ్చింది. ఆ తర్వాత కాళ్లకింద ఇసుక జారిపోతుంటే నోట్లోంచి అంకెలే పోయాయి. మామయ్య గడ చివర నా చేతికందించి, "పక్కకి చూడకు, నన్నే చూస్తూ రా," అన్నాడు. అలాగే ఒడ్డు చేరాం.

ఫోను పాడైంది కానీ కార్డులో ఫోటోలు బతికాయి. మొత్తం పదిహేడు. మొదటి పదకొండింటిలో ఓ మూల పుల్ల ఉంది, ఒక్కోదాంట్లో ఒక్కో గాటు తగ్గుతూ. పన్నెండో దాంట్లో లేదు. తర్వాతి అయిదూ అది లేకుండానే తీశాను.

మామయ్య ఇప్పుడు లేడు. నీళ్లు వదిలితే కబురు ఫోనుకే వస్తోంది, పుల్ల ముందు కూర్చునేవాళ్ల అవసరం లేదు, మంచిదే. ఆ ఫోటోలు చూసి కొంగలెన్నో ఇప్పటికీ చెప్పగలను, వాటి రెక్కల చప్పుడు మాత్రం ఎంత తలచుకున్నా రాదు. పాయ దాటిన ఆ కాసేపటికి ఒక్క ఫోటో లేదు. నా నుదుటి మీద బిగుసుకున్న ఆ చిన్న వేళ్లు ఎంత చల్లగా ఉన్నాయో ఇవాళ్టికీ తెలుస్తూనే ఉంది.