మార్తమ్మ మోసిన మొక్కు

మొన్న ఆదివారం మా కోడలు నన్ను పీట మీద కూర్చోబెట్టి తలకు కొబ్బరినూనె పెట్టింది. వేళ్లతో కుదుళ్లదాకా రుద్దుతుంటే ఫోన్ మోగింది. ఒక అరచెయ్యి నా నడినెత్తి మీద అలాగే ఉంచి, రెండో చేత్తో ఫోన్ అందుకుంది. ఆ చెయ్యి బరువుకూ ఆ వెచ్చదనానికీ నా కళ్లు వాటంతట అవే మూసుకుపోయాయి. ఆ పిల్ల ఎవరితో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. నేను ఉప్పల్లో ఈ ఫ్లాట్‌లో లేను. నాచారంలో మేము అద్దెకున్న పాత ఇంటి ముందుగదిలో ఉన్నాను. నా నెత్తి మీద ఉన్నది మార్తమ్మ చెయ్యి.

మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టిగా, నల్లగా ఉండేది. తెల్లచీరకు సన్నంచు, భుజాన గుడ్డసంచి, చేతిలో గొడుగు. మా వీధికి అవతల ఉన్న చిన్న చర్చిలో బైబిలమ్మగా పని చేసేది. అంటే ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ల కష్టసుఖాలు వినడం, ప్రార్థన చేయడం, బుధవారం పూట ఆడవాళ్ల కూటం నడపడం. మా మేడ మీద అద్దెకున్న వాళ్లు చర్చికి పోయేవాళ్లు. వాళ్ల కోసం వచ్చినప్పుడల్లా ఎండకు మా గుమ్మం దగ్గర ఆగి నీళ్లు అడిగేది. అట్లా మొదలైంది మా పరిచయం. నేను చదివింది అయిదో తరగతి. ఆమె చెప్పిన వాక్యం ఏ పుస్తకంలో ఏ అధ్యాయమో చెప్పమంటే నాకు రాదు. కానీ ఆమె అన్న మాట ఏ గుమ్మంలో నిలబడి అన్నదో, అప్పుడు మా అత్త చేతిలో చాట ఉన్నదో చీపురు ఉన్నదో కూడా చెప్పగలను.

మా అత్త ఎల్లమ్మ భక్తురాలు. మంగళవారం, శుక్రవారం ఇల్లంతా పసుపు వాసనే. అలాంటి ఇంట్లో మార్తమ్మ నన్ను కాదు, నేరుగా మా అత్తనే అడిగింది. “అక్కా, మీ ఇంట్ల మా దేవుని పేరు ఎత్తొచ్చా? వద్దంటే నీళ్లు తాగి పోత.”

మా అత్త ఆమెను కిందికీ మీదికీ చూసింది. “ఎత్తితే ఎత్తు. మా దేవుండ్లను దించుమంటవా ఏంది?”

“నేను దించుమంటే దిగేటోళ్లా అక్కా?” అంది మార్తమ్మ. మా అత్తకు నవ్వు ఆగలేదు. ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ స్నేహం.

అట్లాగని అన్ని దేవుళ్లూ ఒకటే అని తేలిగ్గా తల ఊపే మనిషి కాదు మార్తమ్మ. ఆషాఢంలో బోనాలప్పుడు మా అత్త ప్రేమతో ప్రసాదం ఆకులో పెట్టి ఇచ్చింది. మార్తమ్మ చేతులు జోడించింది. “ఇది నువ్వు మీ అమ్మవారికి పెట్టినవ్ అక్కా. నేను ఊరికె నోట్లె ఏసుకుంటే నీ భక్తికీ మర్యాద కాదు, నా భక్తికీ కాదు. ఇంత చాయ్ పొయ్యి, తాగుత” అంది. మా అత్త చాయ్ పోసింది కానీ చక్కెర వెయ్యలేదు. మార్తమ్మ ఆ చేదు చాయ్ చివరిదాకా తాగి, “మంచిగున్నది” అని గ్లాసు కడిగి పెట్టి పోయింది. తర్వాత మా అత్తే అంది, “మొఖం మీద చెప్పింది గదా, నయం. తీస్కపోయి గోడ పక్కన పారేస్తె నాకెట్ల ఎరుక?”

ఇక అసలు సంగతి చెబుతాను. మా ఆయన మల్లేశ్ మల్లాపూర్‌లో ఒక వర్క్‌షాపులో లేత్ మిషన్ మీద పని చేసేవాడు. ఒక వానాకాలం డెంగీ వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నాం. చూస్తుండగానే ప్లేట్‌లెట్లు పడిపోయి, చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చి, సర్కారు దవాఖానాలో పెద్దవార్డుకు మార్చారు. మా బాబు అప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. వార్డు బయట వరండాలో మా అత్త ఒక మూల కూర్చుని ఎల్లమ్మకు మొక్కుతోంది. నేను ఇంకో మూల. మార్తమ్మ నా పక్కన కూర్చుని నోట్లోనే ప్రార్థన చేసుకుంటోంది. డాక్టరు బయటకొచ్చి, “ఇప్పుడే ఏమీ చెప్పలేమమ్మా” అన్నాడు. ఆ మాట విన్నాక నాకు తెలిసిన దారి ఒక్కటే. పుట్టినప్పటి నుంచి మా ఇళ్లల్లో చూసిన దారి. కొంగు పరిచి, పైకే అన్నాను. “ఏసయ్యా, ఈ మనిషిని నాకు తిరిగి ఇయ్యి. నీళ్లల్ల మునిగి నీదాన్నయిత.”

మార్తమ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. “గట్ల అనకు బిడ్డా” అంది. కానీ అప్పటికే అనేశాను.

మా ఆయన బతికాడు. ఇంటికి తెచ్చిన రోజు మంచం చుట్టూ అదే పంచాయితీ. మా అత్త ఎల్లమ్మే కాపాడిందంటుంది. మేడ మీది వాళ్లు ఏసయ్యే అంటారు. మా ఆయన పక్క మీద నుంచి, గొంతు కూడా సరిగా పెగలకుండానే, “ఆ డాక్టర్‌కు గూడ జర ఒక దండం పెట్టున్రి” అన్నాడు. అందరం నవ్వాం. నేను మాత్రం లోపల నవ్వలేదు. మా మేనత్త మొక్కు మొక్కి మరిచిపోయిందని, అందుకే పిల్లవాడికి చూపు పోయిందని వింటూ పెరిగిన దాన్ని నేను. మంచం మీద మనిషి దగ్గితే చాలు, మొక్కు అడుగుతున్నట్టే ఉండేది. మరుసటి ఆదివారం చర్చికి పోయి అయ్యగారికి చెప్పాను, బాప్తిస్మం ఇయ్యమని. చర్చి పాస్టరుగారిని మేమంతా అయ్యగారనే పిలిచేవాళ్లం. చిన్నవయసు, మంచి మనిషి. ఎంతో సంతోషపడి, వచ్చే ఆదివారం ఒక సహోదరికి బాప్తిస్మం ఉందని ఆరాధనలోనే చెప్పేశాడు.

ఆ మాట మా ఆయన చెవిన పడింది. అరవలేదు. అరిచినా బాగుండేది. గోడవైపు తిరిగి పడుకుని, “నన్ను బతికిస్తె నిన్ను ఇచ్చేస్తనని బేరమాడినవా పద్మా? నన్నొక్క మాట అడగలే” అన్నాడు. ఆ వారమంతా నా చేతి గంజి తాగాడు కానీ నా మొహం చూడలేదు. మాట తప్పితే మనిషి పోతాడు. మాట నిలబెట్టుకుంటే ఇల్లు పోతుంది. ఎటూ కదలలేక పొయ్యి ముందు కూర్చుండిపోయేదాన్ని.

శనివారం పొద్దున అయ్యగారు, మార్తమ్మ కలిసి వచ్చారు. రేపటి ఏర్పాట్లు మాట్లాడడానికి ఆయన వచ్చాడు. ఆమె ఎందుకు వచ్చిందో నాకు అప్పుడు తెలియదు. ముందుగదిలో చాప వేశాను. మా ఆయన మంచం మీద, మా అత్త తలుపు దగ్గర. అయ్యగారు మొదలుపెట్టకముందే మార్తమ్మ అంది, “అయ్యగారూ, రేపు ఈ పిల్లకు బాప్తిస్మం వద్దు.”

ఆయన తెల్లబోయాడు. “మార్తమ్మగారూ, మీరేనా ఈ మాట అనేది? దేవుడు తలుపు తీసినప్పుడు మనం మూయొచ్చా?”

“తలుపు తీసింది దేవుడు కాదు అయ్యగారూ, డెంగీ.”

మార్తమ్మ నావైపు తిరిగింది. “పద్మా, భయపడకుండ చెప్పు. నీకు ఏసయ్య కావాల్నా, ఈన పాణం కావాల్నా?”

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. “ఈన పాణం” అన్నాను.

“విన్నరు గదా” అంది మార్తమ్మ, చాలా మెల్లగా. అయ్యగారి మొహంలో కోపం కన్నా బాధే ఎక్కువ కనిపించింది. “అందరి ముందు చెప్పేశానమ్మా” అన్నాడు. మా ఆయన ఆరోగ్యం అడిగి, లేచి వెళ్లిపోయాడు.

ఆయన అటు పోగానే నాకు వణుకు పట్టుకుంది. “పెద్దమ్మా, మరి మొక్కు? మాట ఇచ్చిన గదా. తప్పితే ఈనకేమన్న అయితది” అని ఏడ్చాను. మార్తమ్మ నా ఎదురుగా కూర్చుంది. “నేను పుట్టింది గూడ మొక్కుల ఇంట్లనే బిడ్డా. మా అమ్మ నెత్తి మీదికి దేవత వచ్చేది. నా పెద్దకొడుకు జ్వరంతోని పండినప్పుడు నేను చెయ్యని ఉపాసం లేదు, ఇయ్యని మాట లేదు. అప్పటికి నేను బైబిలమ్మనే. పిల్లగాడు పోయిండు. మా ఏసయ్య బేరమాడేటోడైతే నా కొడుకు బతికేటోడు. ఇచ్చినా ఊరికెనే ఇస్తడు, తీసుకున్నా బేరం కోసం తీసుకోడు” అంది. ఆమె చెప్పింది నాకు అర్థమైంది. కానీ అర్థమైనంత మాత్రాన భయం పోతుందా? నా చేతులు అట్లాగే వణుకుతున్నాయి.

అది చూసింది. చూసి, లేచి నిలబడి, అరచెయ్యి నా నెత్తి మీద ఆనించింది. ఎదురుగా గూట్లో మా అత్త ఎల్లమ్మ పటం, దీపం. ఆమె అటూ ఇటూ చూడకుండా కళ్లు మూసుకుని, అందరికీ వినపడేలా అంది. “ప్రభువా, ఈ పిల్ల భయంల ఒక మాట ఇచ్చింది. ఆ మాట ఇయ్యాల్టి నుంచి ఈమెది కాదు, నాది. దాని మీద ఏమన్న వచ్చేదుంటే నా మీదికి రానీ. ఈ ఇంటి మీదికి రావద్దు.”

తలుపు దగ్గర నుంచి మా అత్త గబగబా వచ్చి ఆమె చెయ్యి లాగింది. “ఓ మార్తమ్మా, గట్ల అనకు! తగుల్తది!”

“తగలనీ అక్కా. మా దేవుడు చేసింది గూడ గదే. నేనేం కొత్తగ చేస్తలేను” అంది.

సిలువ గురించి అంతకు ముందు చాలామంది చాలా చెప్పారు. పాటలు విన్నాను, పటాలు చూశాను. ఒకరి మీద పడాల్సింది ఇంకొకరు తన మీద వేసుకోవడమంటే ఏమిటో మాత్రం ఆ గదిలోనే చూశాను. నా చేతుల వణుకు ఆగింది. మా ఆయన మంచం మీద నుంచి, “పెద్దమ్మా, చాయ్ తాగి పో” అన్నాడు. మా అత్త లోపలికి పోయి ఆమెకు చాయ్ పెట్టింది.

దానికి ఆమె ఏం చెల్లించిందో మేడ మీది వాళ్లు చెబితే తెలిసింది. బుధవారం కూటం ఆమె చేతిలో నుంచి తీసేసి ఇంకొకరికి అప్పజెప్పారు. విశ్రాంతి తీసుకోండి అన్నారట. ఆమె అదే కూటంలో చివరి చాప మీద కూర్చునేది. నేను అడిగితే, “కూసుంటె గూడ ప్రార్థన అయితది బిడ్డా” అంది, అంతే.

కొన్నాళ్లకు ఆమె కాలికి పుండు లేచి తగ్గడం లేదని తెలిసింది. చేస్తున్న పని వదిలేసి వాళ్ల ఇంటికి పరుగెత్తాను. “నా మొక్కు వల్లనే పెద్దమ్మా!”

ఆమె పడీపడీ నవ్వింది. “నాకు షుగర్ ఉండబట్టి ఎన్నేండ్లో! నీ మొక్కు మొన్నటిది. గంత పాత రోగానికి గంత కొత్త మొక్కునా?” నవ్వు ఆగాక నా చెయ్యి పట్టుకుంది. “అబద్ధమెందుకు, నువ్వు ఏసయ్య దగ్గరికి రావాలని రోజు అడుగుత. అడగకుండ ఉండలేను. గని నువ్వు భయంతోని కాదు, నీ కాళ్లతోని రావాలె. రాకున్నా నువ్వు నా బిడ్డవే.”

ఒక ఎండాకాలం ఆమె పోయింది. సమాధి దగ్గర అయ్యగారు మట్టి వేయడానికి మా అత్తనూ ముందుకు పిలిచాడు. మా అత్త పిడికెడు మట్టి వేసి, ఇంటికొచ్చి మా పద్ధతి ప్రకారం తలస్నానం చేసి, దీపం పెట్టి ఏడ్చింది. నేను ఆ నీళ్లలోకి దిగలేదు. గుడ్ ఫ్రైడే నాడు మాత్రం పోయి చివర కూర్చుంటాను. మార్తమ్మ రోజూ చేసిన ఆ ప్రార్థన ఆమె బతికుండగా నెరవేరలేదు.

ఈ ఏడాది మా పక్క ఫ్లాట్‌లోకి శ్రావణి అనే అమ్మాయి వచ్చింది. వాళ్లది కోస్తావైపు, పోచారంలో ఉద్యోగం. నెలలు నిండకుండా పుట్టిన పాపను అద్దాలపెట్టెలో పెట్టినప్పుడు, బతికితే కొండ మెట్లు మోకాళ్లతో ఎక్కుతానని స్వామికి మొక్కుకుందట. పాప బతికింది. ఆపరేషన్ అయిన ఒంటితో ఇప్పట్లో ఎక్కొద్దని డాక్టరమ్మ అంది. అంతలో పాపకు జ్వరం తగిలింది. ఒక సాయంత్రం పాపను చంకన వేసుకుని మా తలుపు కొట్టింది. “ఆంటీ, నా వల్లే. ఇంకా మొక్కు తీర్చలేదు, అందుకే వచ్చింది” అని ఒకటే ఏడుపు. జ్వరం అందరు పిల్లలకూ వస్తుందని చెప్పాను. డాక్టరుకు చూపించావా అని అడిగాను. చూపించిందట, మందు కూడా వేసిందట. ఏం చెప్పినా ఆ చేతుల వణుకు ఆగలేదు. ఆ వణుకు నాకు తెలుసు.

“శ్రావణీ, ఆ మొక్కు నాకిచ్చెయ్యి” అన్నాను. “ఇగ అది నీది కాదు. మీ స్వామి అడిగితే నన్ను అడగమను. వచ్చేదేమన్న ఉంటే నాకే రానీ.”

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని పాపను తీసుకుని పోయింది. నేను తలుపు వేసి కూర్చున్నాను. అప్పుడు మొదలైంది నాకు. కాళ్లు వణికాయి. కొడుకు గుర్తొచ్చాడు, కోడలు గుర్తొచ్చింది, రోజూ బండి మీద పోయే మా ఆయన గుర్తొచ్చాడు. అనకుండా ఉండాల్సిందా అనిపించింది. ఇన్నేళ్లూ నేను మార్తమ్మకు భయం లేదనుకున్నాను. విశ్వాసం ఉన్న మనిషి కదా, అట్లా అనడం ఆమెకు సులువే అనుకున్నాను. మొక్కుల ఇంట్లో పుట్టి, ఒక కొడుకును మట్టిలో పెట్టి, ఇంకా పిల్లలున్న తల్లి. ఆ రోజు చాయ్ తాగి మా మెట్లు దిగి పోతున్నప్పుడు ఆమె కాళ్లు కూడా వణికే ఉంటాయి. వణుకుతూనే అన్నది.

పాపకు జ్వరం తగ్గింది. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. శ్రావణి ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు, మరిచిపోయి ఉంటుంది. మరిచిపోనీ. నేను ఆ మొక్కును దించలేదు.