నేను దాటని వాగు

దయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. నర్సింగ్ హాస్టల్లో తోటి పిల్లలు మార్చురీ వైపు వెళ్లడానికి జంకితే, వాళ్ల బదులు నేను వెళ్లి, ఆదివారం వాళ్ల చేత బిర్యానీ పెట్టించుకునేదాన్ని. ఇది చదివి మీరు నవ్వినా నాకు కోపం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

మాది ఖమ్మం. నర్సింగ్ పూర్తయ్యాక ములకలపల్లి మండలంలో, అడవి అంచున ఉన్న ఒక సబ్ సెంటర్లో కాంట్రాక్టు ఉద్యోగం దొరికింది. చుట్టూ కొండలు, పచ్చదనం. ఫొటో పెడితే స్నేహితులు కుళ్లుకునేవాళ్లు. నా చూపు మాత్రం జర్మనీ మీద. అక్కడి ఆసుపత్రులకు మన నర్సులు కావాలట. భాషా పరీక్ష పాసయ్యాను. ఇక కావాల్సిందల్లా రెండేళ్లు పనిచేసినట్టు మా డాక్టరు గారి సంతకంతో ఒక సర్టిఫికెట్. ఆయనేమో రికార్డులు చూడందే, ఊళ్లో నలుగురినీ అడగందే కలం తీసే రకం కాదు.

మా పరిధిలో వాగు అవతల ఒక చిన్న గూడెం ఉంది. నెలనెలా అక్కడికి వెళ్లి, గర్భిణుల వేలి మీద సూదితో పొడిచి, రక్తం ఎంత శాతం ఉందో పరీక్షించి రిజిస్టర్లో రాయాలి. ఆ వానాకాలం వాగు పొంగింది. రిపోర్టు పంపాల్సిన రోజు వచ్చేసింది. నేనేం చేశానో దాచను. భద్రమ్మ అనే ఏడో నెల గర్భిణి కొత్తగా ఆ గూడెంలోని పుట్టింటికి వచ్చిందని తెలుసు. ఆమెను నేను అప్పటికి ఒక్కసారి కూడా చూడలేదు. కుర్చీలోంచి లేవకుండానే ఆమె పేరు రాసి, ఎదురుగా 'పది' అని వేసేశాను. పది అంటే ఎవరూ ఏమీ అడగరు.

ఆ రోజు పొద్దుటి నుంచి చీకటి పడేదాకా ఆశా కార్యకర్త నాగమణి నా పక్కనే ఉంది. ఇద్దరం కలిసే వండుకుని తిన్నాం.

తొమ్మిది రోజులకు వాగు తగ్గింది. డాక్టరు గారు త్వరలో గూడేలు తిరుగుతారని తెలిసి, నా అబద్ధాన్ని నిజం చేసుకోవడానికి నాగమణిని వెంటబెట్టుకుని పరుగెత్తాను.

భద్రమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. పెదాలు, గోళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. నేను సూది తీయగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"మల్ల ఎందుకు పొడుస్తవ్ సిస్టరమ్మా? మొన్న వానల వచ్చి చూసినవ్ గద. రక్తం ఆరే ఉంది, పెద్ద దవాఖానకు పోవాలె అన్నవ్. వాగు తగ్గకపాయె, ఎట్ల పోతం?"

నాగమణి నా మొహంలోకి చూసింది. "ఈమె కాదమ్మా, వేరే ఎవరో వచ్చి ఉంటరు," అంది.

"కాదేంది? ఈమెనే," అంది లోపలి నుంచి భద్రమ్మ తల్లి. "తొమ్మిది దినాల కింద మా పొయ్యి కాడ కూసోని తడి బట్టలు ఆరబెట్టుకుంది."

పరీక్ష చేశాను. సరిగ్గా ఆరు. నాకు భయం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. నా రిజిస్టరును నమ్ముకుని ఉంటే ఆ పిల్ల కాన్పులో దక్కేది కాదు.

ఆటోలో కొంత దూరం, అక్కడి నుంచి అంబులెన్సులో, బూర్గంపాడు మీదుగా భద్రాచలం తీసుకెళ్లాం. రక్తం ఎక్కించారు. రెండు నెలల తర్వాత అక్కడే ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం.

ఈలోపు నేను ఊరుకోలేదు. చుట్టుపక్కల సబ్ సెంటర్ల నర్సులందరినీ అడిగాను. ఎవరూ వెళ్లలేదు. వాగులో చేపలు పట్టేవాళ్లను అడిగాను. ఆ రోజు కుక్క కూడా దాటలేదన్నారు. నీరసంతో భద్రమ్మ ఏదో భ్రమపడిందనుకుంటే, తల్లికి కూడా అదే భ్రమా? ఆ ఆరు అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది?

డాక్టరు గారు గూడెం వెళ్లొచ్చి నన్ను పిలిచారు. "వాగు పొంగినా వెళ్లావట కదమ్మా!" అన్నారు. ఇక దాచలేకపోయాను. వెళ్లలేదని, దొంగ లెక్క రాశానని చెప్పేశాను.

"గూడెం మొత్తం చూశామంటోంది. నువ్వేమో వెళ్లలేదంటావు. అలసిపోయి అంకె తప్పు వేసినట్టున్నావు, దిద్దుకో," అని నవ్వి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేశారు. నా మీద సాక్ష్యం చెప్పడానికి నేనూ, నాగమణీ మాత్రమే మిగిలాం, మా మాటేమో నమ్మేవాళ్లు లేరు.

ఆ కాగితం ఇంకా జర్మనీకి పంపలేదు. అందులో రాసిన అనుభవం ఎవరిదో ముందు తేలాలి కదా.

కాన్పయ్యాక చూడటానికి వెళ్లినప్పుడు, ఆ రోజు వచ్చిన మనిషి ఎలా ఉందో గుర్తుందా అని భద్రమ్మను అడిగాను. బిడ్డకు పాలిస్తూనే తలెత్తి నన్ను తేరిపార చూసింది.

"అవ్, యాదికున్నది. నువ్వే, గదే మొకం," అంది. "గానీ ఆనాడు నీకు జల్దీ లేకుండె. నా చెయ్యి పట్టుకొని చానసేపు కూసున్నవ్."

ఆమె ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. నేను మాత్రం అప్పటిదాకా ఏ గర్భిణి చెయ్యీ అలా పట్టుకుని కూర్చోలేదు.